తుడవకు... అద్దు!

“శనివారం ఇంట్లోంచి బయల్దేరే ముందు మొహం కడుక్కోమ్మా. ఆ తర్వాత నా దగ్గరికొచ్చేదాకా ముట్టుకోవద్దు. పౌడరొద్దు, క్రీమొద్దు, కర్చీఫ్‌తో తుడుచుకోవడం కూడా వద్దు. కార్లో ఏసీ వేసుకుని రాకు. బస్సెక్కి రా.”

ఫోన్లో ఆ మాటలు విని పెళ్లికూతురు చెల్లెలి వైపు చూసింది. పదో తరగతి నుంచీ పెళ్లికూతురు చేతిసంచిలో కర్చీఫూ, చిన్న పౌడరు డబ్బా లేకుండా గడప దాటలేదు. ఇప్పుడేమో మిలమిల మెరిసే మొహంతో బస్టాండులో నలుగురి మధ్య నిలబడమంటోంది ఈ మేకప్ ఆవిడ. అదీ డబ్బు పుచ్చుకుని మరీ!

గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో జరిగే సంగతుల్ని ఒక్క పెళ్లిలోకి తెచ్చి, మాటలు అల్లి చెబుతున్న కథ ఇది. అందుకే ఇందులో ఎవరికీ పేరుండదు. చర్మం గురించీ, ఎండ గురించీ, మేకప్ పెట్టె గురించీ చెప్పేవి మాత్రం ఉన్నవున్నట్టే.

ఆ ఫోను వెనక ఓ నిశ్చితార్థం ఉంది.

మాఘమాసం. ఎండలు ఇంకా ముదరలేదు. ఊళ్లోనే ఉన్న పార్లర్‌కి వెళ్లారు తల్లీ కూతుళ్లు. “కాస్త తెల్లగా వెయ్యండి, ఫొటోలకి బాగుంటుంది” అంది తల్లి. పార్లర్ అమ్మాయి కాదనలేదు. ఒంటి రంగుకన్నా రెండు మెట్లు తెల్లనిది తీసి, నూనె ఎక్కువుండే స్టిక్ ఫౌండేషన్‌ని మందంగా రుద్ది, పైన తెల్ల పౌడరు కొట్టింది. అద్దంలో బాగానే ఉంది. హాల్లో వీడియో లైట్లు వెలిగి గంట తిరిగిందో లేదో ముక్కు పక్కన మేకప్ విచ్చుకుంది. నుదురు బూడిద రంగుకి తిరిగింది. మెడ మాత్రం మెడ రంగులోనే ఉంది.

పెళ్లికొడుకు తరఫు ఒకావిడ నిజంగానే ఆందోళనపడి అడిగింది. “పిల్లకి ఒంట్లో బాలేదా వదినా? మొహం అలా పాలిపోయిందేంటి?”

ఇలా ఎందుకవుతుందో కాస్త చెప్పుకోవాలి. ఫౌండేషన్‌కి ఒంటి రంగునిచ్చేవి ముఖ్యంగా ఐరన్ ఆక్సైడ్లు. పొడిగా ఉన్నప్పుడు అవి ఒక ఛాయలో ఉంటాయి, నూనెలో తడిస్తే ముదురుతాయి. చర్మంలోంచి ఊరే నూనె వాటిని తడిపేకొద్దీ పొద్దున వేసిన రంగు సాయంత్రానికి ఇంకోటవుతుంది. ‘ఆక్సిడైజ్ అయింది’ అంటారు పార్లర్లలో. ఆ ముదురు రంగు మీద మళ్లీ తెల్ల పౌడరు పడితే తేలేది బూడిదే. ఆ రోజు ఆ అమ్మాయి మొహం మెరిసినందుకు ఎవరూ ఏమీ అనలేదు. మెరుపుని దాచడానికి వేసిన పూతే ఆమెను జ్వరపడ్డ మనిషిని చేసింది.

బాత్రూమ్‌లోకెళ్లి అంతా కడిగేసుకుంది. ఆ తర్వాతి ఫొటోల్లో కళ్లు ఎర్రగా ఉన్నాయి.

*

రాజమహేంద్రవరంలో ఓ మేడ మీది గది. కిటికీ పక్కన కుర్చీ. మేకప్ ఆవిడకి నలభై దాటాయి. పెళ్లిళ్ల రోజుల్లో గోదావరికి రెండు వైపులా తిరుగుతూనే ఉంటుంది. కుర్రతనంలో హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఓ సినిమా మేకప్‌మ్యాన్ దగ్గర పని నేర్చుకుంది. పనొచ్చింది గానీ యూనియన్ కార్డు రాలేదు. మేకప్ కార్డు మగవాళ్లకి, ఆడవాళ్లకి హెయిర్ డ్రెస్సర్ కార్డు. సినిమా రంగంలో అదప్పటి కట్టుబాటు. దాని మీద చారూ ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. ఆడవాళ్లని ఆపడం చెల్లదని 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు.లలిత్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పటికే ఈవిడ గోదావరి గట్టుకి తిరిగొచ్చి పెళ్లికూతుళ్ల పనిలో పడిపోయింది.

ఆ శనివారం వచ్చిన పిల్లని కూర్చోబెట్టి మాటా పలుకూ లేకుండా పల్చటి టిష్యూలు తీసింది. నుదుటి మీద ఒకటి, ముక్కు మీద ఒకటి, రెండు బుగ్గల మీదా, గడ్డం మీదా. ఒక్క నిమిషం ఆగి, ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. నుదుటిదీ ముక్కుదీ అవతల కొమ్మ కనబడేంత పారదర్శకమయ్యాయి. గడ్డానిది సగం. బుగ్గలవి ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి.

“నీ మొహమంతా జిడ్డని ఎవరన్నారు?”

“అందరూ.”

“బుగ్గలు చూడు, ఎండి పొట్టు లేస్తున్నాయి. ఏం రుద్దుతున్నావు?”

నిమ్మరసం. శనగపిండి. రోజుకి అయిదారుసార్లు ఫేస్‌వాష్. నిశ్చితార్థం తర్వాత స్క్రబ్ కూడా చేరింది. మాయిశ్చరైజర్ మాత్రం జన్మలో రాయలేదు, జిడ్డు మొహానికి అదొకటా అని.

చర్మంలో నూనె గ్రంథులు అరచేతుల్లో, అరికాళ్లలో తప్ప ఒళ్లంతా ఉంటాయి. నుదురు, ముక్కు, గడ్డం మీద మరీ దట్టం. వాటిని నడిపేవి ఆండ్రోజెన్ అనే హార్మోన్లు. అందుకే ఈ గొడవ సరిగ్గా పదో తరగతి ఈడులో మొదలవుతుంది. చర్మం వేడెక్కితే నూనె ఊరడం ఎక్కువవుతుంది. కడిగితే పైనున్నది పోతుంది, లోపలి గ్రంథికి ఆ సంగతే తెలియదు. అదేపనిగా తోమితే నష్టపోయేది పై పొర. నూనె ఊరుతూనే ఉంటుంది, చర్మమేమో ఎండి పగులుతుంది. అలా లేచిన పొట్టు మీద ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా నిలవదు. ఐసుముక్క రుద్దితే రంధ్రాలు మూసుకుపోతాయని కూడా అంటుంటారు. మూసుకోవడానికి వాటికి కండరాలేం లేవు. చల్లదనానికి చర్మం కాసేపు బిగువుగా కనబడుతుంది, అంతే.

మనిళ్లలో ఆడపిల్ల మొహం మెరిస్తే మురికి కిందే జమ. ‘వెళ్లి మొహం కడుక్కురా’ అని చుట్టాల ముందే పంపేస్తాం. అదే మెరుపుకి ఇప్పుడు పార్లర్ బోర్డుల మీద ‘డ్యూయీ లుక్’ అని పేరు పెట్టి విడిగా ధర కడుతున్నారు.

“రేపట్నుంచి ఫేస్‌వాష్ పొద్దునొకసారి, రాత్రొకసారి. నిమ్మకాయ పప్పులోకి. జెల్ మాయిశ్చరైజర్ రెండు పూటలా. పెళ్లికింకా రెండు నెలలుంది కదా, ఆ పొట్టు తగ్గితే చాలు. జిడ్డు సంగతి నేను చూసుకుంటాను.”

“జిడ్డు రాకుండా చేస్తారా అక్కా?”

“వస్తుందమ్మా. ఎందుకు రాదు? వచ్చినా ఏమీ కాకుండా చూద్దాం.”

*

ఆ మధ్యాహ్నం చేసిన పరీక్ష చెల్లెలికి ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. మొహానికి ఎడమ సగం నిశ్చితార్థం పద్ధతిలో మందంగా వేసింది ఆవిడ. కుడి సగం తన పద్ధతిలో. ముందు పల్చగా మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆరనిచ్చింది. ముక్కు, నుదురు, గడ్డం వరకే ప్రైమర్. తర్వాత ఫౌండేషన్ చుక్క ముంజేతి మీద వేసుకుని, తడిపి పిండిన స్పాంజికి అంటించి, రుద్దకుండా తట్టుతూ పోయింది. నల్లని మచ్చ ఉన్నచోట మాత్రమే కన్సీలర్. పైన పసుపుఛాయ పౌడరుని పఫ్‌తో నొక్కింది. మేకప్ స్ప్రే కొట్టి, ఆరాక ఇంకోసారి పౌడరు. అంతే.

“ఇద్దరూ అలా పుష్కరఘాట్ దాకా నడిచి, గంట తర్వాత రండి.”

నాలుగింటి ఎండ. గోదావరి మీంచి వచ్చే గాలిలో ఉక్క. చెల్లెలు కుడివైపు నడిస్తే అక్క ఒక మనిషి, ఎడమవైపు నడిస్తే వేరే మనిషి. ఘాట్ మెట్ల మీద ఒకావిడ ఆగి మరీ చూసి వెళ్లింది.

తిరిగొచ్చి అద్దం ముందు కూర్చున్నారు. పెళ్లికూతురి మొహం వాడిపోయింది. రెండు వైపులా మెరుస్తోంది!

“ఇప్పుడు చూడు” అని మేకప్ ఆవిడ ఓ టిష్యూని రెండు పొరలుగా విడదీసి, ఒక్క పొరతో కుడివైపు నుదుటి మీద అద్దింది. మెల్లగా నొక్కి, ఆగి, నిటారుగా పైకెత్తింది. మెరుపు టిష్యూకి అంటుకొచ్చింది, రంగు చర్మం మీదే ఉంది. ఎడమవైపూ అలాగే చేసింది. అక్కడ టిష్యూతో పాటు ఫౌండేషన్ కూడా పెళ్లగా లేచొచ్చింది.

“పల్చగా వేసింది చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. మందంగా వేసింది ఒకదాని మీద ఒకటి పట్టుకుని ఉంటుంది. అడుగున నూనె ఊరిందంటే మొత్తం జారుతుంది.”

“మరి పౌడరు కొడితే?” అంది చెల్లెలు.

“జిడ్డు మీద పౌడరంటే తడి నేల మీద ముగ్గుపిండి చల్లినట్టే. ముద్దయిపోతుంది. ముందు అద్దాలి, తర్వాతే పౌడరు. అది కూడా నొక్కాలి, తుడవకూడదు. పెళ్లిలో నువ్వే కదా తోటి పెళ్లికూతురివి? నాకంటే నువ్వే దగ్గరుంటావు. ఇటు రా, చెయ్యి చూపించు.”

ఆ సాయంత్రం చెల్లెలు అక్క నుదుటి మీద అద్దడం నేర్చుకుంది. నాలుగు టిష్యూలు చిరిగాక గానీ చెయ్యి తేలిక పడలేదు.

సినిమావాళ్లకీ ఈ మెరుపుతో పాత వైరముంది. 1930లలో టెక్నికలర్ చిత్రాలు వచ్చినప్పుడు, అప్పటిదాకా వాడుతున్న నూనె రంగులు మొహం మీద మెరిసి పక్కవాళ్ల బట్టల రంగు కూడా ప్రతిఫలించేవి. మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ అందుకోసమే తడి స్పాంజితో వేసే ప్యాన్‌కేక్‌ని తయారుచేసింది. 1937లో అది తెరకెక్కింది, ఆ మరుసటి ఏడు బజార్లోకి వచ్చింది. మద్రాసు జెమినీ స్టూడియో ఆ ప్యాన్‌కేక్‌ని లారీలకొద్దీ కొనేదని అక్కడ పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ రాశారు. ఆయన సికింద్రాబాద్‌లో పుట్టిపెరిగిన మనిషే. అయితే స్టూడియోలో షాటు అయిపోగానే లైట్లు ఆర్పుతారు, నటి వెళ్లి ఫ్యాను కింద కూర్చుంటుంది. పెళ్లిపీటల మీద ‘కట్’ చెప్పే మనిషెవరూ ఉండరు.

తల్లి మర్నాడు ఫోన్ చేసింది. “మా అమ్మాయి సంతోషంగానే ఉందండీ. కాకపోతే... కాస్త రంగు తేల్చి...”

“అలాగేనండీ. మరి మెడకీ వెయ్యాలి, చెవులకీ వెయ్యాలి. చేతులు హోమంలో పేలాలు వేస్తాయి, కాళ్లకి పారాణి పెట్టి ఫొటో తీస్తారు. తల మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పాపిడి కూడా కనబడుతుంది. ఎక్కడిదాకా వెయ్యమంటారు?”

అవతల నవ్వు వినబడింది. మళ్లీ ఆ మాట రాలేదు. “పోనీ ఎయిర్‌బ్రష్ వేస్తారా? అది కరగదట” అని మాత్రం అడిగింది. ఎయిర్‌బ్రష్ అంటే రంగుని సన్నటి తుంపరగా చిమ్మే పరికరం. పల్చగా పడుతుంది నిజమే. సిలికాన్ రకమైతే చెమటకి బాగానే నిలుస్తుంది. కానీ చెమట వేరు, నూనె వేరు. చెమట నీళ్లు, పైనుంచి జారిపోతుంది. నూనె పూతలో కలిసి దాన్ని వదులు చేస్తుంది. పైగా చిమ్మిన పూత ఒకచోట లేస్తే స్పాంజితో అతికించడం కష్టం. మన బోర్డుల మీద హెచ్‌డీ, అల్ట్రా హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్ అని ధరలు పెరుగుతూ పోతాయి గానీ, ఏ చర్మానికి ఏదో రాసిన బోర్డు నాకైతే కనబడలేదు.

*

పెళ్లి వారం ఉందనగా రాత్రి పదింటికి మళ్లీ ఫోన్. పిన్ని కూతురు ఓ ట్యూబు తెచ్చిచ్చిందట. మెడికల్ షాపులోదేనట. నాలుగు రోజులు రాస్తే మొహం అద్దంలా తేలుతుందట.

“ట్యూబు మీద ఏముందో చదువు.”

పెళ్లికూతురు కూడబలుక్కుంటూ చదివింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్.

“చివరిది స్టెరాయిడ్. పక్కన పెట్టెయ్.”

ఈ మూడూ కలిసిన పూత మందుకి చర్మవైద్యుల దగ్గర పనుంది. సొంతంగా రాసుకునేవాళ్లకి మాత్రం తొలిరోజుల్లో తెల్లబడినట్టుంటుంది, తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబారి, మొటిమలు కమ్ముతాయి. మానేస్తే మంట. ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యులు పోరాడగా పోరాడగా, స్టెరాయిడ్ పూత మందులు పలు రకాల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో 2018లో చేర్చింది కేంద్రం. అయినా అవి చెల్లెళ్ల చేతుల్లోంచి, పిన్నికూతుళ్ల సంచుల్లోంచి పెళ్లిళ్లకి వస్తూనే ఉన్నాయి. ఆ వారం ఫేషియల్, బ్లీచ్ కూడా వద్దంది ఆవిడ. పెళ్లి ముందురోజు కొత్తది ఏది రాసినా, అది పడకపోతే తేలేది పీటల మీదే.

*

వైశాఖం. రాత్రి 12 గంటల 47 నిమిషాలకి ముహూర్తం. పొద్దున్నే నలుగు.

నాయనమ్మ నువ్వులనూనె గిన్నె, సున్నిపిండి, పసుపు ముందేసుకుని కూర్చుంది. మేకప్ ఆవిడ నూనె వద్దంటుందేమోనని పెళ్లికూతురి తల్లి భయపడి ముందే అడిగింది. “ఎందుకు వద్దంటానండీ? మాడుకి పెట్టండి, ఒళ్లంతా పట్టించండి. మొహానికి మాత్రం పైపైన తాకించండి చాలు” అందావిడ. నాయనమ్మకి ఆ షరతు నచ్చలేదు. మనవరాలి బుగ్గల నిండా పసుపు పులిమి పగ తీర్చుకుంది.

సాయంత్రం ఏడున్నరకి మేకప్ పెట్టె తెరిచేసరికి మొదటి చిక్కు అదే. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా మొహమూ మెడా పచ్చగానే ఉన్నాయి. ట్రయల్‌లో కలిపి రాసుకున్న ఛాయ ఈ పచ్చదనం మీద కుదరదు. ఆవిడ క్లెన్సింగ్ ఆయిల్ సీసా తీసింది.

“నా మొహానికి నూనెనా అక్కా?”

“పసుపు రంగు నీళ్లకి కరగదు, నూనెకే కరుగుతుంది. ఇప్పుడే రాసి ఇప్పుడే కడిగేస్తాం.”

దూది మీదికి పచ్చగా దిగింది. ఆ తర్వాత చల్లటి నీళ్లు, ఫేస్‌వాష్. ఇంకా మిగిలిన లేతపసుపుకి తగ్గట్టు ఫౌండేషన్ కొత్తగా కలుపుకుంది. చెవి వెనక, గొంతు కింద వేసి చూసుకుని గానీ మొహం మీదికి రాలేదు.

అక్కణ్నుంచి పని గబగబా నడిచింది. కనురెప్పలకీ నూనె ఊరుతుంది కాబట్టి ఇంటి కాటుక పక్కకి పోయింది. నూనె, నెయ్యితో చేసిన కాటుక జిడ్డు రెప్పల మీద గంటలో కళ్ల కిందికి దిగుతుంది. ఆరితే కదలని జెల్ లైనర్ గీసింది. నాయనమ్మ చేసిన కాటుకతో బుగ్గన దిష్టిచుక్క మాత్రం పెట్టింది, అది కూడా నూనె తక్కువ ఊరే చోటు చూసి. స్టిక్కర్ బొట్టు ఈ నుదుటి మీద నిలవదని కల్యాణతిలకం చేత్తోనే దిద్దింది. నుదుటి పౌడరు పూర్తిగా కూర్చున్నాక గానీ కుంచె పట్టలేదు. అన్నిటికన్నా చివర బాసికం. దాని దారం సరిగ్గా నూనె ఊరే చోటే ఒరుసుకుంటుంది. దారం వెళ్లే దారిలో ఇంకో మారు పౌడరు నొక్కి, తానే దగ్గరుండి కట్టించింది.

పదింటికి పూర్తయింది. గదిలో ఏసీ. బయట రాత్రి పదింటికీ చెట్టాకు కదలని ఉక్క.

గౌరీపూజ బాగానే గడిచింది. మేనమామలు బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చారు. అక్కడ రెండో చిక్కు. నీటితుంపరలు చిమ్మే పెద్ద ఫ్యాన్లు రెండు పీటలకేసి గురిపెట్టి ఉన్నాయి. అతిథుల మీద ప్రేమతో డెకరేషన్ వాళ్లు పెట్టినవి. విజయవాడ దాటి మెట్టప్రాంతాలకి వెళ్తే ఆ తుంపర హాయిగా ఉంటుందేమో గానీ, గోదావరి డెల్టాలో గాలే తడి. అందులోకి ఇంకా నీళ్లు చిమ్మితే చెమట ఆరదు, మొహం మీదే నిలబడిపోతుంది. మేకప్ ఆవిడ పరుగున వెళ్లి ఫ్యాను కుర్రాణ్ని బతిమాలి నీళ్ల పంపు కట్టించేసింది. మామూలు గాలి చాలు. “నా కెమెరా కూడా బతికింది” అన్నాడు ఫొటోగ్రాఫరు.

12.47. అడ్డుతెర. జీలకర్ర బెల్లం. మేళం జోరందుకుంది. తెర దిగింది. జనం మీదికొచ్చి, లైట్లు దగ్గరికొచ్చి, ఇద్దరి నుదుళ్ల మీదా చెమట ధార కట్టింది. చెల్లెలు టిష్యూ అందుకునేలోపు, పీటల పక్కనే కూర్చున్న మేనత్త కొంగుని రాగిచెంబులో ముంచి, “నా తల్లే, ఎంత చెమటో” అంటూ మేనకోడలి నుదుటిని బాసికం కిందినుంచి కణత దాకా ఒక్క లాగు లాగింది.

చెల్లెలు ఉన్నచోటే బిగుసుకుపోయింది. ఎడమ కనుబొమ పైన రెండు వేళ్ల వెడల్పున ఫౌండేషన్ లేచిపోయింది. మేనత్త కొంగు మీద గోధుమరంగు మరక. ఆవిడ కళ్లల్లో నీళ్లు, మేనకోడలి పెళ్లి చూసిన సంతోషంతో.

“మధుపర్కాలు కట్టుకుని రావాలమ్మా, తొందరగా” అన్నారు పురోహితులు.

ఉన్న వ్యవధి ఆ ఒక్కటే. జీలకర్ర బెల్లానికీ మంగళసూత్రానికీ మధ్య, పట్టుచీర మార్చి ఎర్రంచు తెల్లచీర కట్టే పావుగంట. ఇద్దరు ఆడవాళ్లు చీర చూస్తుంటే మేకప్ ఆవిడ పెళ్లికూతురి గడ్డం పట్టుకుని మొహాన్ని పైకెత్తింది. ముందు నుదురంతా అద్దింది, మెరుపు పోయేదాకా. లేచిన చోట అంచులు గట్టు కట్టి ఉన్నాయి. తడి స్పాంజి కొసతో ఆ అంచుల్ని తట్టి కరిగించింది. ఫౌండేషన్ మళ్లీ వెయ్యలేదు. ఉంగరపు వేలి కొసకి కాస్త కన్సీలర్ అంటించుకుని మధ్యలో వేసి, అంచులకేసి తట్టుకుంటూ పోయింది. ఊది ఆరబెట్టే టైము లేదు. చెల్లెలు విసనకర్ర విసిరింది. పౌడరు నొక్కింది. స్ప్రే.

“ఇంకొంచెం వెయ్యండి, తెల్లచీర కట్టేసరికి మొహం చామనగా కనబడుతోంది” అంది గదిలో ఎవరో.

అది మొహం తప్పు కాదు. చీర తెల్లదనానికి కెమెరా వెలుతురు తగ్గించుకుంటుంది, దాంతో మొహం ముదురుగా పడుతుంది. మొహానికి తగ్గట్టు వెలుతురు సరిచేసుకోవాల్సింది ఫొటోగ్రాఫరు. తెల్లటి సిలికా పౌడరు దండిగా కొట్టి ఉంటే ఫ్లాష్ వెలుగుకి నుదుటి మీద సున్నం మచ్చలు తేలేవి. మేకప్ ఆవిడ ఇంకేమీ వెయ్యలేదు. పెట్టె మూసేసి, గుమ్మం దగ్గర ఫొటోగ్రాఫర్‌కి చెవిలో ఓ మాట చెప్పింది.

మంగళసూత్రధారణ దగ్గరి ఫొటోల్లో ఎడమ కనుబొమ పైన ఏం జరిగిందో వెతికినా దొరకదు. కాస్త మెరుపుంది. మే నెల అర్ధరాత్రి, ఉక్కలో, మెడలో మూడు ముళ్లు పడుతున్న మనిషి మొహం మెరవకపోతేనే అనుమానించాలి.

ఆ తర్వాత మూడు గంటలు పని చెల్లెలిదే. పసుపు కుంకుమల పళ్లెంలో తమలపాకుల కింద టిష్యూల కట్ట. తలంబ్రాలకి ముందొకసారి అద్దింది, పసుపు బియ్యం మొహానికి అతుక్కోకుండా. హోమం పొగకి కళ్లు నీళ్లు తిరిగినప్పుడు కంటికింద టిష్యూ మడత ఆనించింది, అంతే. మేనత్త మరోసారి కొంగు తీయబోతే చెయ్యి పట్టుకుని, “తుడవకత్తా, అద్దు” అని టిష్యూ చేతిలో పెట్టింది. ఆవిడ ఎంత శ్రద్ధగా అద్దిందంటే, సప్తపది అయ్యేసరికి పెళ్లికొడుకు నుదురు కూడా ఆవిడే చూసుకుంటోంది.

తెల్లారి అప్పగింతలు. కారెక్కబోతున్న పెళ్లికూతురి చేతిలో మేకప్ ఆవిడ ఓ చిన్న సంచి పెట్టింది. క్లెన్సింగ్ ఆయిల్, ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. “ఎంత నిద్రొచ్చినా ముందు మొహం. రెండుసార్లు కడుక్కో. దీంతో పడుకున్నావా, వ్రతం నాటికి మొటిమలే.”

కడుక్కునే పడుకుంది. అయినా మూడోరోజు గడ్డం మీద ఓ మొటిమ లేచింది. ఫోన్ చేసింది.

“గిల్లకు. నిద్ర లేదు, తిండి వేళ లేదు, ఆ మాత్రం రాదా ఏంటి? వ్రతానికి ఏం కడుతున్నావు?”

“మామిడిపండు రంగు చీర. మేకప్ నేనే వేసుకుంటానక్కా. కాటుకా, బొట్టూ, గడ్డం మీద కాస్త కన్సీలర్.”

“చాలు. టిష్యూలున్నాయా?”

“అత్తయ్య ఓ కట్ట కొని సంచిలో వేశారు.”

మేకప్ ఆవిడ అప్పటికి కాకినాడ బస్సులో ఉంది. ఆ రాత్రి పెళ్లికూతురిది పొడి చర్మం, చేత్తో తాకితే గరగరలాడేంత. పౌడరు డబ్బాలన్నీ ఇంట్లో దించేసి, క్రీములు సర్దుకుని బయల్దేరింది.